అడుసు తొక్కిన దారులు

నెదర్లాండ్స్‌లో సుమారు 26 శాతం నేల సముద్రమట్టానికి దిగువన ఉందన్న సంగతి భూగోళం పుస్తకం చదివిన వారందరికీ తెలిసినదే గానీ, ఆ దేశంలో దారి అంటే ఒకసారి వేసి మరిచిపోయే వస్తువు కాదనీ, పాడిగేదెను సాకినట్టు ఏడాది పొడవునా కనిపెట్టుకుని ఉండవలసినదనీ అక్కడి పల్లెల్లో నాలుగు రోజులు తిరిగితే గానీ బోధపడదు. సముద్రం తెచ్చి పరిచిన బంకమన్ను ఒక పొర, నిలవనీటిలో రెల్లు, నాచు, చెట్ల వేళ్లు వేల ఏళ్లపాటు కుళ్లీ కుళ్లకుండా పేరుకున్న పీట్ అనే నల్లని గుల్లనేల మరొక పొర, ఇలా ఒకదానిమీద ఒకటి పరుచుకున్న పశ్చిమ హాలండులో గట్టి ఇసుక తగలాలంటే చాలాచోట్ల పది మీటర్లకు పైగా దిగాలి. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వేస్ప్, గౌడా, క్రింపెనర్‌వార్డ్, కిండర్‌డైక్ మీదుగా డెల్ఫ్ట్ దాకా సాగిన ఈ యాత్ర దూరం లెక్కన చిన్నదే. కోనసీమ గట్ల మీద నడక నేర్చిన తెలుగు యాత్రికుడికి మాత్రం దారిపొడవునా సగం సొంత ఊరు, సగం పరాయి లోకం కనిపిస్తూ వచ్చాయి.

విమానం దిగే స్కిపోల్ నేలతోనే పాఠం మొదలవుతుంది. ఒకప్పుడు అది హార్లెమ్మర్‌మేర్ అనే పెద్ద సరస్సు. 1849 నుంచి 1852 దాకా ఆవిరి పంపులతో నీరు తోడి దాని అడుగును పొలంగా మార్చారు. చుట్టూ గట్టు పోసి, లోపల ఊరే నీటిని ఎప్పటికప్పుడు ఎత్తిపోస్తూ కాపాడుకునే ఇలాంటి నేలనే పోల్డర్ అంటారు. రైలు కిటికీలోంచి చూస్తే కనుచూపు మేర పచ్చిక, పచ్చికను గళ్లుగా కోసిన సన్నని కాలువలు, నలుపు తెలుపు మచ్చల ఆవులు, వాటి వీపులకంటే ఎత్తున కాలువలో సాగిపోయే పడవ. గోదావరి జిల్లాల్లోనూ కాలువ చేనుకంటే ఎత్తునే పారుతుంది గనుక ఆ దృశ్యంలో మొదట వింత తోచదు. అయితే అక్కడ కాలువ ఎత్తున ఉండేది నీరు చేలోకి దిగడానికి, ఇక్కడ ఎత్తున ఉండేది చేలోని నీటిని తోడి అందులో పోయడానికి. కొల్లేటిలో గట్లు వేసి లోపల నీరు నిలుపుకొని చేపలు పెంచుకుంటే, వీరు గట్లు వేసి నీటిని బయటికి నెట్టి ఆవులను పెంచుకున్నారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న సామెత వీరికి చెల్లదు, ఎందుకంటే తొక్కడానికి అడుసు తప్ప వేరే నేల లేనివారు కాళ్లు కడుక్కోవడాన్నే ఒక విద్యగా మార్చుకున్నారు.

ఆమ్‌స్టర్‌డామ్ నగరం ఆ విద్యలోని సులువైన భాగాన్ని చూపిస్తుంది. డామ్ కూడలిలోని రాజభవనం 13,659 కొయ్య స్తంభాల మీద నిలిచి ఉందని అక్కడి బడిపిల్లలు ఇట్టే చెబుతారు. ఏడాదికి ఉన్న 365 రోజులకు ముందు ఒకటి, వెనక తొమ్మిది చేర్చుకుంటే ఆ అంకె గుర్తుంటుందట. మెత్తని పొరలను దాటించి గట్టి ఇసుకదాకా దుంగలు దించి, వాటి తలల మీద కట్టడం లేపడమన్న ఈ పద్ధతి ఇంటికి సరిపోతుంది, భవనానికి సరిపోతుంది. మైళ్ల పొడవున సాగే దారి కింద అలా దుంగలు దించుకుంటూ పోవడం ఏ రాజుకూ తరం కాలేదు. అందుచేత ఇళ్లు నిలిచాయి, దారులు కుంగాయి, ఆ రెంటి మధ్య తేడాను సర్దుకుంటూ ఊళ్లు బతికాయి.

ఆమ్‌స్టర్‌డామ్‌కు ఆగ్నేయంగా ఉన్న వేస్ప్ చిన్న ఊరు, పెద్దగా చూడవలసినవేవీ లేనిది, అయినా నేల గురించి తెలుసుకోగోరేవారు దిగి తీరవలసినది. 1918 సెప్టెంబరు 13న, ఎడతెగని వానల తరవాత, అక్కడి కాలువ వంతెనకు ఎక్కే రైలుకట్ట తడిసి జారిపోయింది; పట్టాలు తప్పిన రైలులో 41 మంది చనిపోయారు. చిత్రమేమిటంటే ఆ ఏడాదే మూడు వారాలైనా తిరగకుండా, అక్టోబరు 1న, స్వీడన్‌లోని యెతో దగ్గర మరో రైలుకట్ట అలాగే జారి నలభై మందికి పైగా బలి అయ్యారు. కట్ట జారిన చోటు ఎక్కడని వేస్ప్ వీధిలో అడిగినప్పుడు, సైకిలు మీద వెళుతున్న ఒక ముసలాయన దిగి, ఏ ఊరు, ఏ పని అని ఒక్క ముక్కైనా అడగకుండా కాలువగట్టు దాకా నడిపించి, వేలితో చోటు చూపించి, ఆ బురదకు యాత్రికుడి చెప్పులు పనికిరావని నిర్మొహమాటంగా చెప్పి వెళ్లిపోయాడు. కాఫీ తాగుదురు రండి అనని ఆ తీరు తెలుగువారి మనసుకు మొదట చురుక్కుమనిపిస్తుంది. పావుగంట నడిచి, చీలమండ దాకా బురదలో దిగబడ్డాక, ఆ మాటలో ఉన్న మర్యాద అర్థమవుతుంది.

మెత్తని నేల మీద పోసిన కట్టకు రెండు రకాల ఆపదలు ఉన్నాయి. మొదటిది జారుడు. బంకమట్టి రేణువుల నడుమ నీరు నిండి ఉంటుంది. పైన మట్టి పోయగానే ఆ కొత్త బరువును రేణువులు వెంటనే అందుకోలేవు, ముందు నీరే మోస్తుంది. నీటికి ఒత్తిడి పెరుగుతుంది గానీ రేణువుకూ రేణువుకూ మధ్య రాపిడి పెరగదు, ఆ రాపిడి లేనిదే నేలకు పట్టు ఉండదు. ఆ స్థితిలో ఇంకా మట్టి పోసుకుంటూ పోతే ఏదో ఒక వేళ కట్ట ఒక పక్కకు కూలబడి, పక్కనున్న చేను పిండిముద్దలా పైకి ఉబ్బుతుంది. దీనికి విరుగుడు రెండు మూడు విధాలు: కట్టకు ఇరువైపులా తక్కువ ఎత్తున మట్టి దన్ను పోసి నేల ఉబ్బకుండా అదిమి పట్టడం, అడుగున గట్టి నేత బట్టలాంటి జియోటెక్స్‌టైల్ పరిచి కట్టను విడిపోకుండా చూడడం, అన్నిటికంటే ముఖ్యంగా, ఒక్కసారిగా కాక విడతలుగా పోయడం. జియోటెక్స్‌టైల్ రాకముందు వీరు ఏటి పక్కన పెంచిన విల్లో కొమ్మలను మోపులుగా కట్టి, పరుపుల్లా అల్లి నీటి అడుగున, గట్ల అడుగున పరిచేవారు; కాలువకు అడ్డంగా తాటిమొద్దులు, వాటిమీద కంప, వాటిమీద మట్టి వేసి బండి దాటించిన కోనసీమ రైతుకు ఆ అల్లిక పరాయిగా తోచదు.

వేస్ప్ దుర్ఘటన మీద విచారణకు కోర్నెలిస్ లేలీ అధ్యక్షుడిగా ఒక సంఘాన్ని నియమించారు. సముద్రపు పాయను 32 కిలోమీటర్ల కట్టతో మూసే పథకం గీసిన ఇంజినీరు ఆయనే. ఆ కట్ట 1932లో పూర్తయింది. నేల ప్రవర్తనను అనుభవం మీద వదిలేయక ప్రయోగశాలలో కొలవాలన్న పట్టుదల ఆ దేశంలో బలపడడానికి 41 ప్రాణాలు పోయిన ఆ రోజే కారణమని అక్కడి ఇంజినీర్లు చెప్పుకుంటారు. డెల్ఫ్ట్‌లో మట్టి పరీక్షల ప్రయోగశాల 1934లో వెలసింది.

రెండో ఆపద కుంగుబాటు. జారుడు గంటల మీద, రోజుల మీద బయటపడుతుంది. కుంగుబాటు ఏళ్లమీద, తరాలమీద సాగుతుంది, దాన్ని చూడాలంటే గౌడా పట్టణానికి పోవాలి. స్థానికులు హౌదా అని గొంతులోంచి పలికే ఈ ఊరు ప్రపంచానికి చీజ్ వల్ల తెలుసు గానీ, ఇంజినీర్లకు కుంగే ఊరుగానే తెలుసు. 123 మీటర్ల పొడవుతో దేశంలోకెల్లా పొడవైన సింట్ యాన్స్ చర్చి, దాని రంగుటద్దాల కిటికీలు, పదిహేనో శతాబ్దపు పురభవనం అన్నీ చూడదగ్గవే; అయితే యాత్రికుడి కాళ్లు ఒక సందు మొదట్లో ఆగిపోయాయి. అక్కడ ముగ్గురు పనివాళ్లు వీధిని విప్పుతున్నారు. విప్పడమనే మాటే సరైనది, ఎందుకంటే తారు వీధిలా పగలగొట్టవలసిన పని అక్కడ లేదు. క్లింకర్ అనే గట్టిగా కాల్చిన ఇటుకలను సున్నం, సిమెంటు లేకుండా ఇసుక మీద నిలువుగా పేర్చిన వీధి అది. ఒకతను ఇటుకలను చేతితో ఊడదీసి పక్కన దొంతిగా పేరుస్తున్నాడు, రెండోవాడు తోపుడుబండితో ఇసుక తెచ్చి పోసి బద్దతో చదును చేస్తున్నాడు, మూడోవాడు మోకాళ్లకు తోలు మెత్తలు కట్టుకుని కూర్చుని, అవే ఇటుకలను హెరింగ్ చేప ముల్లు ఆకారంలో తిరిగి పేరుస్తూ ఒక్కొక్కదానినీ సుత్తి పిడితో రెండు దెబ్బలు వేస్తున్నాడు. ఆ మధ్యాహ్నానికి వీధి ఒక జానెడు పైకి లేచింది. మళ్లీ కుంగాక మళ్లీ విప్పుతారు. ఇటుకలు అవే, ఇసుక మాత్రం కొత్తది.

ఆ సందులో ఒక ఇంటి గుమ్మానికి మెట్లు తరవాత అతికించినట్టు కనిపించాయి. అడిగితే ఇంటావిడ తలుపు పూర్తిగా తెరిచి, గుమ్మం ఎక్కడా కదలలేదనీ, వీధే దిగిపోయిందనీ, మొదట ఒక మెట్టు ఉండేది ఇప్పుడు రెండయ్యాయనీ ఫిర్యాదేమీ లేకుండా చెప్పింది. దుంగల మీద నిలిచిన ఇళ్ల కథ అది. పాతకాలపు ఇళ్లలో దుంగలు లేనివి నేలతో పాటే కుంగుతాయి, వాటి నేలమాళిగల్లోకి నీరు ఊరుతుంది. పోనీ కాలువ నీటిమట్టం తగ్గిద్దామా అంటే పక్కింటి కింది కొయ్యదుంగల తలలకు గాలి తగిలి పుచ్చిపోతాయి. నీటిలో మునిగి ఉన్నంతకాలం శతాబ్దాలు నిలిచే కొయ్య గాలి సోకితే కొన్నేళ్లకే పాడవుతుంది. పీట్ నేల సంగతీ అంతే. నీరు తగ్గితే అది కుంగడమే కాదు, గాలిలోని ఆక్సిజన్ తగిలి కుళ్లి, క్రమంగా పొగమంచులా మాయమవుతుంది. ఒకరి నేలమాళిగ ఆరాలంటే ఇంకొకరి పునాది ఎండాలి. ఇలాంటి తగవు ఏ గ్రామపెద్ద ముందుకొచ్చినా తీర్పు చెప్పడం కష్టం. వీధులు ఎత్తు చేసుకుంటూ, నీటిమట్టాన్ని అంగుళాల లెక్కన బేరమాడుకుంటూ ఆ ఊరు నెట్టుకొస్తోంది.

మధ్యాహ్న భోజనమంటే అక్కడ రెండు రొట్టె ముక్కలు, నడుమ చీజ్ పలక, పక్కన గ్లాసుడు కార్నెమెల్క్. ఆ చివరిది మన మజ్జిగే. ఉప్పూ కరివేపాకూ లేని, చిక్కని, పుల్లని మజ్జిగ. కడుపు నిండదు గానీ, ఏడు సముద్రాల అవతల పనివాళ్లు మజ్జిగ తాగి మూతి తుడుచుకోవడం చూస్తే మనసు నిండుతుంది. చీజ్ తయారు చేసే చోట, విరిగిన పాల ముద్దను గుండ్రని అచ్చులో పెట్టి పైన బరువు వేస్తారు. బరువు పడగానే ముద్ద గట్టిపడదు. లోపలి నీరు సన్నగా కారుకుంటూ పోయినకొద్దీ గట్టిపడుతుంది. మొదటే పెద్ద బరువు వేస్తే పైచర్మం మూసుకుపోయి నీరు లోపలే చిక్కుకుంటుందట, అందుకని బరువును కొంచెం కొంచెంగా పెంచుతారు. మెత్తని నేల మీద కట్ట పోసే పని ఇంతకంటే భిన్నమేమీ కాదు.

నేలలోని నీరు బరువుకు పిండబడి మెల్లగా బయటికి పోతూ ఉంటే నేల తగ్గి గట్టిపడడాన్ని కన్సాలిడేషన్ అంటారు. దీనికి గణితరూపం ఇచ్చినవాడు ఇస్తాంబుల్‌లో పాఠాలు చెబుతూ, చిన్నచిన్న పాత్రల్లో బంకమట్టిని నొక్కి చూసిన కార్ల్ టెర్జాగి; ఆయన పుస్తకం 1925లో వెలువడింది. నీరు బయటపడడానికి పట్టే కాలం అది నడవవలసిన దూరం మీద కాక, ఆ దూరపు వర్గం మీద ఆధారపడుతుందన్నది ఆ సిద్ధాంతం తేల్చిన గట్టి మాట: దూరం రెట్టింపైతే కాలం నాలుగింతలు. ఇక నీరంతా పోయాక కూడా నేల ఆగదనీ, ముఖ్యంగా పీట్‌లో ఆ కుంగుబాటు మందగిస్తూ దశాబ్దాలపాటు సాగుతూనే ఉంటుందనీ 1936లో చూపినవాడు డెల్ఫ్ట్ ఆచార్యుడు కేవర్లింగ్ బౌస్‌మన్. నేల ఓపికను కొలిచిన ఆ మనిషి 1944లో తూర్పు ఇండీస్‌లోని జపాను నిర్బంధ శిబిరంలో కన్నుమూశాడు. కోనసీమలో పల్లపు స్థలం మెరక చేయించుకున్న ఆసామి ఆ ఏడే పునాది తీయడు. ఒక వానాకాలం నాననిచ్చి, మట్టి దిగవలసినంత దిగాక పైఏడు మళ్లీ నాలుగు బళ్ల మట్టి తోలించి అప్పుడు ముగ్గు పోస్తాడు. అతను టెర్జాగిని చదవలేదు, అయినా అతని లెక్క తప్పు కాదు. తప్పల్లా అదే ఊరికి వచ్చే రోడ్డు విషయంలో ఆ వానాకాలాన్ని ఎవరూ లెక్కలో వేసుకోకపోవడంలో ఉంది.

గౌడా నుంచి రాటర్‌డామ్ వైపు పోయే ఏ 20 రహదారి పక్కనే, నైవెర్‌కెర్క్ ఊరి దగ్గర, దేశంలోకెల్లా పల్లపు చోటుకు ఒక గుర్తు నిలిపారు: సముద్రమట్టానికి 6.76 మీటర్లు దిగువ. రెండు నిలువుల తాటాకు పాక కట్టినా దాని కొప్పు సముద్రాన్ని చూడలేదు. అక్కడినుంచి దక్షిణంగా క్రింపెనర్‌వార్డ్ పచ్చికల్లోకి దిగితే నేల నిజంగానే కాళ్ల కింద ఊగుతుంది. పెద్ద లారీ పోయినప్పుడు దారి పక్కన నిలబడ్డవారి పాదాలకు ఆ కదలిక తెలుస్తుంది. ఇలాంటి చోట పాత దారిని ఎత్తు చేయడమంటే అప్పు తీర్చడానికి అప్పు చేయడమే. మీటరు మందాన పోసిన ఇసుక చదరపు మీటరు నేల మీద సుమారు 1.8 టన్నుల బరువు వేస్తుంది, ఆ బరువుకు పీట్ కుంగుతుంది, కుంగినంత మేరా మళ్లీ ఇసుక పోయాలి, ఆ ఇసుకకు మళ్లీ కుంగుతుంది. చివరికి ఒక మీటరు ఎత్తు మిగలాలంటే అంతకు రెట్టింపు ఇసుక నేలలోకి మింగించవలసి రావచ్చు. పాత దారులను తవ్విచూస్తే పొరమీద పొరగా తరాల నాటి ఇసుక, ఇటుక బయటపడడం అందుకే.

ఈ వలయం నుంచి తప్పించుకునే ఉపాయాలు కూడా ఆ దారుల్లోనే కనిపిస్తాయి. ఒకచోట కొత్త దారి కోసం ఇసుక గుట్టలా పోసి వదిలేశారు. దాని మధ్యలోంచి ఎరుపు తెలుపు పట్టీల ఇనుప కడ్డీలు వరసగా లేచి ఉన్నాయి. ఇసుక పోయకముందే నేలమీద ఇనుప పలకలు పరిచి, వాటికి ఈ కడ్డీలు బిగించి, గుట్ట పెరిగేకొద్దీ కడ్డీని పొడిగిస్తూ పోతారు. కడ్డీ తల ఎంత దిగిందో కొలిస్తే అడుగున పలక, అంటే అసలు నేల, ఎంత కుంగిందో తెలుస్తుంది. గుట్ట కూడా కావలసిన ఎత్తుకంటే ఎక్కువే ఉంటుంది, ఆ అదనపు బరువు నేలను ముందుగానే కుంగదీయడానికి. కుంగవలసినంత కుంగాక పై ఇసుకను తీసి మరోచోటికి తోలుకుపోతారు. ఇసుక ఇంకా పోయని పక్కన, నేలలోంచి నాలుగు వేళ్ల వెడల్పు తెల్లని ప్లాస్టిక్ పట్టీల కొనలు వేలకొద్దీ, అడుగున్నర దూరాన ఒకటి కాకపోయినా మీటరుకొకటి చొప్పున నిలబడి, ఊడ్పు పూర్తయిన వరిచేనులా కనిపించాయి. అవి నిలువు డ్రెయిన్లు: పైన వడకట్టే గుడ్డ, లోపల గాళ్లు తీసిన పట్టీ, పొడవాటి ఇనుప గొట్టంతో యంత్రం వాటిని పొర అడుగుదాకా గుచ్చి వదిలేస్తుంది. పది మీటర్ల బంకమట్టి పొరలో చిక్కుకున్న నీరు పైకో కిందికో అయిదు మీటర్లు నడవవలసి ఉంటే, మీటరుకొక పట్టీ ఉన్నప్పుడు అరమీటరు పక్కకు నడిస్తే చాలు. దూరం పదోవంతు, కాలం స్థూలంగా నూరోవంతు. తరాల పని ఒక ఏడాదికి దిగివస్తుంది.

ఏడాది కూడా ఆగలేనిచోట బరువునే తప్పించుకుంటారు. నార్వేలో 1972లో ఓస్లో దగ్గర ఒక వంతెన దారికి తొలిసారి వాడిన ఉపాయం ఇక్కడా స్థిరపడింది: టీవీ పెట్టెల్లో సందులు నింపే తెల్లని థర్మోకోల్‌ను పెద్ద దిమ్మెలుగా పేర్చి, పైన కాంక్రీటు పలక, దానిపైన దారి. ఘనపు మీటరు ఇసుక 1,800 కిలోలు తూగితే ఈ దిమ్మె ఇరవై కిలోల చిల్లర. పాత మట్టిని ఎంత బరువున తవ్వి తీశారో కొత్త కట్ట అంతే బరువుండేలా తూకం వేసుకుంటే, నేలకు తన మీద ఏదో వచ్చి పడ్డదన్న సంగతే తెలియదు. ప్రమాదం మరోవైపు ఉంది: వరద వస్తే ఇసుక కట్ట కొట్టుకుపోవచ్చు గానీ థర్మోకోల్ కట్ట తేలుతుంది, అందుకని నీటిమట్టం లెక్క చూసి పైన చాలినంత బరువు ఉంచాలి. క్రింపెనర్‌వార్డ్‌ను దాటే ఎన్ 210 దారిని ఇటీవలి కాలంలో తిరిగి కట్టినప్పుడు మూడో దారి పట్టారు. గట్టి ఇసుకదాకా దగ్గరదగ్గరగా స్తంభాలు దించి, వాటి తలల మీద జియోగ్రిడ్ అనే వలను పరిచి, దానిమీద ముక్కరాయి పోశారు. రాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుని కమానులా నిలిచి, బరువును స్తంభాల మీదికే నెట్టేస్తాయి, నడుమనున్న పీట్ ఊరక ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్ రాజభవనం చేసిన పనే చివరికి దారి కూడా చేసింది, అయితే మూడు వందల యాభై ఏళ్లు ఆలస్యంగా.

డెల్టా జిల్లాల్లో బస్సెక్కినవారికి వంతెన ఎప్పుడు వస్తుందో కళ్లు మూసుకుని చెప్పగల నేర్పు ఉంటుంది. వంతెనకు ముందొక కుదుపు, తరవాత ఒక కుదుపు. వంతెన లోతైన పునాదుల మీద కదలకుండా ఉండగా, దానికి ఎక్కే కట్ట కుంగిపోయి అంచు తేలడమే ఆ కుదుపు. ఏటా దానిమీద కాస్త తారు పోసి నునుపు చేస్తారు, ఆ తారు బరువుకు కట్ట మరికాస్త దిగుతుంది. తెలుగు ఇంజినీర్లకు నిలువు డ్రెయిన్లూ తెలుసు, అదనపు బరువు లెక్కా తెలుసు. మార్చి నెలాఖరుకు బిల్లు కావాలన్న కాలెండరుకు మాత్రం మట్టి లెక్క తెలియదు. డచ్చివారు దీనికి అతీతులనీ అనలేం. డెల్ఫ్ట్, స్కీడమ్‌ల మధ్య ఏ 4 రహదారికి ఇసుక పోసింది 1960ల చివర, 70ల మొదట్లో. పచ్చికబయళ్లు పాడవుతాయన్న అభ్యంతరాలతో పని ఆగి, ఆ ఇసుక మీద దశాబ్దాలపాటు గడ్డి మొలిచింది. దారి తెరుచుకున్నది 2015 డిసెంబరులో, అదీ చాలామేరకు నేలలోకి దించిన తొట్టిలాంటి దారిగా. అంతటి తీరిక దొరికిన ఇసుకకట్ట ప్రపంచంలో మరెక్కడైనా ఉందో లేదో!

కిండర్‌డైక్‌లో పందొమ్మిది గాలిమరలు వరసగా నిలబడి ఉంటాయి, యాత్రికులు వాటికంటే ఎక్కువమంది ఉంటారు. అక్కడ వాన పట్టుకుంటే గట్టు పక్క హోటల్లో బఠాణీ సూపు దొరుకుతుంది. గరిటె నిలువునా గుచ్చితే పడిపోకూడదన్నది దానికి వారు పెట్టుకున్న పరీక్ష, ముద్దపప్పు ఎరిగినవారికి ఆ పట్టింపు వెంటనే అర్థమవుతుంది. ఆ ప్రాంతంలో ఏ ఊరికి పోయినా 1953 ఫిబ్రవరి 1 నాటి ఉప్పెన మాట ఒకసారి వస్తుంది; గట్లు తెగి ఆ దేశంలో 1,836 మంది చనిపోయిన రాత్రి అది. 1977 నవంబరు 19న దివిసీమ చూసిన రాత్రి దానికి అనేక రెట్లు పెద్దది. ఉప్పెనలో ఊరికీ ప్రాణానికీ మధ్య మిగిలేది ఎత్తుగా ఉన్న దారి ఒక్కటే గనుక, కట్ట ఎన్ని అంగుళాలు కుంగిందన్నది తీరంలో ఉండేవారికి ప్రయాణ సుఖానికి సంబంధించిన లెక్క కాదు.

యాత్ర చివర డెల్ఫ్ట్. డచ్చి ఈస్టిండియా కంపెనీకి ఈ ఊళ్లో ఒక శాఖ ఉండేది. ఆ కంపెనీ వర్తకులు పదిహేడో శతాబ్దపు మొదటి దశకంలోనే మచిలీపట్నం చేరి, అద్దకం బట్టలు కొని, కొందరు అక్కడి మట్టిలోనే కలిసిపోయారు. బందరులోనూ భీమిలిలోనూ వారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఒక అడుసు నేలవారు ఇంకొక అడుసు నేలకు వచ్చి చదరపు రాతి గోరీలు కట్టుకోవడం చూసినవారికి డెల్ఫ్ట్ వీధులు కాస్త పరిచయమైనట్టే ఉంటాయి. నేల పట్టును తెలుసుకోవడానికి ఇప్పుడు ప్రపంచమంతటా వాడే శంకువు పరీక్ష ఈ దేశంలోనే పుట్టింది. 1932లో బారెన్ట్‌సెన్ అనే ప్రభుత్వ ఇంజినీరు, గ్యాసు గొట్టంలో ఇనుప ఊచ దూర్చి, ఊచ చివర పది చదరపు సెంటీమీటర్ల అడుగున్న శంకువు బిగించి, చేతి బలంతో నేలలోకి నొక్కి ఎంత ఎదురొత్తిడి వస్తోందో కొలిచాడు. చేను గట్టు మీద గునపం దించి, చేతికి తగిలే బరువును బట్టి అడుగున ఏముందో చెప్పే రైతు చేసేదీ అదే, కాకపోతే అతను దాన్ని కాగితం మీద గీయడు.

ప్రయోగశాలల ఊళ్లో చూడవలసిన అసలు పరికరం మాత్రం పాతచర్చి గోపురం. పద్నాలుగో శతాబ్దంలో దీన్ని కట్టడానికి చోటు చాలక పక్కనున్న కాలువను కొంత పూడ్చి, ఆ పూడిక మీద ఒక వైపు గోడ లేపారు. ఆ వైపు కుంగి, 75 మీటర్ల గోపురం ఇవాళ దాదాపు రెండు మీటర్లు ఒరిగి ఉంది. కింద నిలబడి పరీక్షగా చూస్తే గోపురం ఒకే వాలులో లేదని తెలుస్తుంది. కట్టుకుంటూ పోతుండగానే అది ఒరుగుతోందని కనిపెట్టిన తాపీవారు ప్రతి అంతస్తులోనూ తూకపు గుండు వేసి నిటారుకు తేవాలని చూశారు, అది మళ్లీ ఒరిగింది, వారు మళ్లీ సరిచేశారు. అందుకే మొత్తం గోపురంలో నిఖార్సుగా నిటారుగా ఉన్నవి చిట్టచివర నాలుగు మూలల్లో కట్టిన చిన్న శిఖరాలేనంటారు. లోపల 1570లో పోతపోసిన గంట ఉంది, తూకం తొమ్మిది టన్నుల దాకా. దాని అదురుకు గోడలు దెబ్బతింటాయన్న భయంతో రాజకుటుంబంలో మరణం వంటి అరుదైన సందర్భాల్లో తప్ప మోగించరు. గోపురం నీడ పడే కాలువగట్టున ఆ సాయంత్రం ఇటుకలు విప్పి కొంత ఇసుక పోసి ఉంది. పనివాడొకడు మోకాళ్ల మీద కూర్చుని, పక్క ఇంటి గుమ్మానికి దారం కట్టి, దారం మీద రసమట్టం ఆనించి, బుడగ నడిమికి వచ్చేదాకా తలెత్తకుండా ఇసుక సవరిస్తున్నాడు.